గాలం వేయకుండా ఆగిన ఉదయం: కార్పు చేపలు, చెరువు ఊపిరి

దసరా సెలవుల్లో చిన్ననాటి మిత్రులం నలుగురం కలిశాం. ఒకరు బ్యాంకులో, ఒకరు ఆర్టీసీలో, ఒకరు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కొలువులో ఉన్నారు. నేను జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ఊరి చెరువులో ఒక రోజంతా గాలాలు వేసి బొచ్చెలు, రవ్వలు పట్టాలని ఏడాదిగా అనుకుంటున్నాం. వరంగల్ వైపు చాలా ఊళ్లలో ఉన్నట్టే మాదీ కొండల మధ్య కట్ట పోసి కట్టిన పాత చెరువు. అందులో చేపల మీద హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది. అడిగి, వాళ్లు చెప్పిన రుసుము కట్టి, పెద్ద చేపలు రెండు మించి తీసుకోమని మాట ఇచ్చి అనుమతి తెచ్చుకున్నాం.

అంతకుముందు మూడు రోజులు ముసురు. సూర్యుడి ముఖమే కనబడలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున 5:30కు కట్ట ఎక్కి చూసేసరికి మత్తడి పక్కన నీళ్లన్నీ కదులుతున్నాయి. వందల చేపలు నోళ్లు పైకెత్తి, తెరుస్తూ మూస్తూ, నీటి అంచుకు వరుస కట్టి ఉన్నాయి. టార్చి వేసినా బెదరలేదు. చేయి చాపితే అందేంత దగ్గరగా ఉన్నాయి.

"ఇవాళ మన పంట పండింది రా" అంటూ బ్యాంకు మిత్రుడు గాలపు కర్ర విప్పడం మొదలుపెట్టాడు.

అప్పటికే కట్ట మీద తిరుగుతున్న సంఘం పెద్దాయన ఒకరు మా దగ్గరికి వచ్చారు. "గాలాలు పక్కన పెట్టున్రి బిడ్డా. అవి మేతకు రాలే, ఊపిరికి వచ్చినయ్" అన్నారు.

నేను పుస్తకంలో పదేళ్లుగా చెబుతున్న పాఠమే అది. గట్టున నిలబడి చూడటం మాత్రం అదే మొదటిసారి.

నీళ్లలో ఊపిరి ఎంత ఖరీదు

ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 28 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక లీటరు నీటిలో, గాలి నుంచి ఎంత కరగగలదో అంతా కరిగినా, దాదాపు 7.8 మిల్లీగ్రాములే. అంటే చేప బతికేది మనకన్నా 35 రెట్లు పలుచని వాతావరణంలో. పైగా నీళ్లు గాలికన్నా ఎంతో బరువు, వాటిని మొప్పల మీదుగా నెట్టడానికే బోలెడు శక్తి కావాలి. అందుకే చేప మొప్పలకు ఒక తెలివైన ఏర్పాటు ఉంది. మొప్ప తంతువుల్లో రక్తం ఒక దిక్కుకు పారితే, వాటి పక్కనుంచి నీరు దానికి ఎదురు దిక్కున పారుతుంది. దారి పొడవునా నీటిలో ఆక్సిజన్ రక్తంలోకన్నా కాస్త ఎక్కువగానే ఉంటుంది కాబట్టి, నీటిలో ఉన్నదాంట్లో 80 శాతం దాకా చేప లాగేసుకోగలదు. మన ఊపిరితిత్తులు గాలిలోని ఆక్సిజన్‌లో నాలుగో వంతు తీసుకుంటే గొప్ప.

ఇంత పొదుపుగా బతికే జీవికి ఆదాయం తగ్గితే ఏమవుతుంది?

చెరువుకు ఆక్సిజన్ రెండు దారుల్లో వస్తుంది. ఒకటి, పైనున్న గాలి నుంచి, అలల ద్వారా. ఇది నెమ్మది. రెండోదీ పెద్దదీ, నీటిలో కంటికి కనబడనంత చిన్న నాచు మొక్కలు, అంటే వృక్ష ప్లవకాలు, ఎండలో చేసే కిరణజన్య సంయోగక్రియ. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు చెరువు పైపొరలో ఆక్సిజన్ శిఖరానికి చేరుతుంది. ఒక్కోసారి నీళ్లు పట్టగలిగినదానికన్నా ఎక్కువే ఉంటుంది. పొద్దు గూకాక ఉత్పత్తి ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు. చేపలు, పురుగులు, అడుగు బురదలో కుళ్లు తినే బాక్టీరియా, చివరికి పగలంతా ఆక్సిజన్ ఇచ్చిన ఆ నాచు కూడా రాత్రంతా ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. అందుకే చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉండేది అర్ధరాత్రి కాదు, సూర్యోదయానికి కాస్త ముందు.

మామూలు రోజుల్లో తెల్లారేసరికి ఎంతో కొంత మిగులుతుంది. మూడు రోజులు మబ్బు కమ్మితే పగటి సంపాదన పడిపోతుంది, రాత్రి ఖర్చు అలాగే ఉంటుంది. "అంటే మూడు రోజులుగా చెరువు ఓవర్‌డ్రాఫ్టులో ఉందన్నమాట" అన్నాడు బ్యాంకు మిత్రుడు, గాలపు కర్ర మళ్లీ మడుస్తూ. తరగతిలో ఇంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు.

కార్పు చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే హాయి. 3 కన్నా తగ్గితే మేత మానేస్తాయి. ఇంకా తగ్గితే పైకి వస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నోరు పైకెత్తిన బొచ్చె గాలి మింగడం లేదు. గాలిని తాకుతున్న ఆ పలుచని పైపొర నీటిలో, ఎంతో కొంత ఆక్సిజన్ అప్పుడే కరుగుతూ ఉంటుంది కాబట్టి, ఆ నీటిని మొప్పలకు పంపుకుంటోంది. గాలిని నేరుగా పీల్చే అవయవం కార్పులకు లేదు. కొరమీనుకు, మార్పుకు ఉంది. అందుకే ఆ ఉదయం నీటి అంచున మాకు ఒక్క కొరమీనూ కనబడలేదు. "కొర్రమట్టకేం కాదు, అది మొండిది" అన్నారు తాత.

మోచేతి పరీక్ష

అన్ని చెరువుల మీదా మబ్బు పట్టింది కదా, ఈ చెరువుకే ఎందుకిలా? తాత ఒడ్డున కూర్చుని చొక్కా చేయి పైకి లాగి, అరచేతిని పైకి తిప్పి నీళ్లలో నిలువుగా ముంచారు. మోచేయి మునగకముందే అరచేయి కనబడకుండా పోయింది. నీళ్లు చిక్కని పచ్చ.

ఇది చేపల రైతులు రోజూ చేసే పరీక్ష. దీనికి ప్రయోగశాలలో ఒక అన్న ఉన్నాడు. 1865లో ఇటలీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త, క్రైస్తవ గురువు అయిన ఆంజెలో సెక్కి, తాడు కట్టిన తెల్లని పళ్లాన్ని సముద్రంలోకి దించి, ఎంత లోతులో కనుమరుగవుతుందో కొలిచాడు. ఈనాటికీ సరస్సుల స్వచ్ఛత కొలవడానికి సెక్కి పలకే వాడతారు. మేం టిఫిను డబ్బా మూతకు తాడు కట్టి, బరువుకు రాయి తగిలించి దించాం. జానెడు దాటగానే మాయమైంది. మీ ఊరి చెరువులోనూ ఇది చేసి చూడవచ్చు, ఖర్చు లేదు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు చేస్తే కొలత నమ్మదగినదిగా వస్తుంది. మూత ఒకటి ఒకటిన్నర అడుగు లోతు దాకా కనబడితే చేపలకు తగినంత నాచు ఉన్నట్టు. అడుగు కన్నా బాగా ముందే మాయమైతే నాచు ఎక్కువైందని, తెల్లవారుజామున జాగ్రత్తగా ఉండాలని అర్థం.

నాచు పెరగడానికి కారణం చెరువు ఎగువనే ఉంది. వానలకు వరి మళ్ల నుంచి యూరియా, డీఏపీ కొట్టుకొస్తాయి, ఊరి మురుగు కాలువ వచ్చి కలుస్తుంది. ఆ నత్రజని, భాస్వరం నాచుకు విందు భోజనం. ఎండ కాసినన్నాళ్లూ ఈ నాచే చెరువును ఆక్సిజన్‌తో నింపుతుంది, మబ్బు పడితే అదే అప్పులవాడిలా మీద కూర్చుంటుంది. బతుకమ్మ పూలు కుళ్లడం వల్లేమోనని సాఫ్ట్‌వేర్ మిత్రుడు అనుమానం వెలిబుచ్చాడు. సద్దుల బతుకమ్మ అయ్యి వారం కూడా కాలేదు మరి. పూలూ కుళ్లేవే, కాదనలేం. కానీ ఏడాది పొడవునా వచ్చే ఎరువు, మురుగు ముందు ఆ గంపెడు తంగేడు, గునుగు లెక్కలోకి రావు.

ఎర సంచి కట్టేశాం

మా దగ్గర 4 కిలోల ఎర ఉంది. తవుడు, పల్లి చెక్క, బెల్లం కలిపి రాత్రి నానబెట్టింది. గాలం వేసే ముందు ఈ ముద్దలు కొన్ని నీళ్లలోకి విసిరి చేపలను ఒకచోటికి రప్పించడం అలవాటు. తాత ఆ సంచి వాసన పట్టి, "ఇది మాత్రం నీళ్లల్ల పడొద్దు" అన్నారు.

లెక్క వేసి చూద్దాం. పిండిపదార్థం ఒక కిలో పూర్తిగా కుళ్లి కార్బన్ డయాక్సైడు, నీరుగా మారాలంటే దాదాపు ఒక కిలో ఆక్సిజన్ కావాలి. ఒక కిలో అంటే 10 లక్షల మిల్లీగ్రాములు. లీటరుకు 7.8 చొప్పున నిండుగా ఆక్సిజన్ ఉన్న నీళ్లలోంచి తీసుకున్నా, సుమారు 1.3 లక్షల లీటర్ల నీటిలోని ఆక్సిజన్ మొత్తం ఖాళీ అవుతుంది. 4 కిలోలకు 5 లక్షల లీటర్లు. ఇదంతా ఒక్క గంటలో జరగదు, రోజుల మీద జరుగుతుంది. చెరువు మొత్తం మీద చూస్తే చిన్న సంగతే. కానీ చేపలన్నీ వచ్చి చేరిన ఆ ఒక్క మూలలో, ఆ ఉదయం, తినని చేపల ముందు ఎర వేయడం అంటే ఊపిరాడని వాడి గదిలో పొయ్యి వెలిగించడమే. చేపల చెరువులున్న వాళ్లు మబ్బు రోజుల్లో మేత ఆపేయడానికి కారణం ఇదే.

ఆరు గంటలకల్లా సంఘం వాళ్లు పదిమంది చేరారు. కట్ట కింద పొలం నుంచి డీజిల్ ఇంజిను తెచ్చి, చెరువు నీటినే తోడి, పైపు చివర చిల్లుల రేకు కట్టి, ఎత్తు నుంచి జల్లులా మళ్లీ చెరువులోకి పడేలా చేశారు. ఇద్దరు తెప్ప మీద వెళ్లి వెదురు గడలతో నీటిని కొట్టారు. మేమూ గట్టున దిగి బక్కెట్లతో నీళ్లు ఎత్తి పోశాం. నీటిని చుక్కలుగా విడగొడితే గాలికి తగిలే ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆక్సిజన్ అంత త్వరగా కరుగుతుంది. చేప మేత దుకాణాల్లో దొరికే ఏరేటర్లు చేసే పనీ అదే.

ఒక ఇంజినుతో ఇంత చెరువును నింపలేం. ఆ సంగతి వాళ్లకూ తెలుసు. కావలసింది ఒక మూలన కాస్త మంచి నీటి జాగా. చేపలు ఆ తేడాను పసిగట్టి అక్కడికి చేరతాయి, ఎండ వచ్చేదాకా అక్కడ తలదాచుకుంటాయి. అరగంటలో పైపు కింద చేపలు గుంపు కట్టాయి. వల పట్టుకుని వచ్చిన ఒకరిద్దరిని తాత వెనక్కి పంపేశారు. ఊపిరాడని చేపను తరిమితే, ఉన్న కొద్ది ఆక్సిజనూ పారిపోవడానికే ఖర్చు చేస్తుంది.

ఎనిమిదిన్నరకు మబ్బు విడింది. పదింటికి నీటి అంచున ఒక్క నోరూ కనబడలేదు. చచ్చి తేలినవి 7, అన్నీ పెద్ద బొచ్చెలే. ఇలాంటి వేళ పెద్ద చేపలే ముందు పోవడం చేపల పెంపకందార్లకు తెలిసిన సంగతే. పోయిన నెల వేసిన పిల్లలు బతికాయా లేదా అన్నదే సంఘం వాళ్ల బెంగ. సంఘంలోని కుటుంబాలకు వేసవిలో నీళ్లు తగ్గి వల లాగినప్పుడు వచ్చే డబ్బే ఆ ఏడాది ఆదాయం. మధ్యాహ్నం తూము దగ్గర చిన్న పిల్లల గుంపు ఒకటి మెరుస్తూ కనబడ్డాకే తాత బీడీ వెలిగించారు.

ఒకే చెరువులో మూడు అంతస్తులు

మూడు గంటలకు తాతే అన్నారు, "ఇప్పుడు వేసుకోన్రి." చెరువు పగటి సంపాదన శిఖరంలో ఉండే వేళ అది, చేపలకు ఆకలి తిరిగి పుట్టే వేళ కూడా.

ఎక్కడ వేయాలన్నది చేప నోరే చెబుతుంది. బొచ్చెకు పెద్ద తల, ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడ, పైకి తిరిగిన నోరు. అది పైపొరల్లో తిరుగుతూ జంతు ప్లవకాలను మొప్పల్లోని సన్నని దువ్వెనతో వడకట్టి తింటుంది. రవ్వ నోరు కాస్త కిందికి ఉంటుంది, పెదవులకు అంచులు కుట్టినట్టు కుచ్చులుంటాయి. మధ్యపొరల్లో నాచు, మొక్కల ముక్కలు దానికిష్టం. కోస్తాలో ఎర్రమోసు అనే మ్రిగాల అడుగున తిరుగుతుంది, బురద మీద పేరుకున్న కుళ్లు దాని తిండి. ఒకే చెరువులో మూడూ కలిపి పెంచేది ఇందుకే. ఒకరి కంచంలో ఇంకొకరు పెద్దగా చేయి పెట్టరు.

ఈ మూడింటి పుట్టినిల్లు ముఖ్యంగా గంగ, సింధు, బ్రహ్మపుత్ర నదుల మైదానాలు. స్కాట్లాండుకు చెందిన వైద్యుడు ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగా నది చేపల మీద వెలువరించిన గ్రంథంలో వీటికి శాస్త్రీయ నామాలు పెట్టాడు. రోహిత, కట్ల, మృగాల అని అక్కడి జాలరుల నోట విన్న పేర్లనే లాటినులోకి ఎక్కించాడు. శాస్త్రం ఇలా అణకువగా ఉన్న సందర్భాలు నాకెందుకో ఇష్టం.

గంగ చేప మా చెరువులోకి ఎలా వచ్చింది? ఈ చేపలు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు. వానాకాలంలో పొంగే నది, దాని ఒరవడి, పల్లాల మీద పరుచుకునే కొత్తనీరు కావాలి. చెరువులో ఆడచేప కడుపునిండా గుడ్లు పెరుగుతాయి, కానీ ఆ చివరి సంకేతం అందక అవి బయటికి రావు. అందుకని పూర్వం బెంగాల్, బిహార్ నదుల్లో వరద వేళ గుడ్లు, పిల్లలు పట్టి మట్టి కుండల్లో రైళ్ల మీద దేశమంతా పంపేవారు. ఏ పిల్ల ఏ జాతిదో పెరిగేదాకా తెలిసేది కాదు, పెంచే చేపతో పాటు దాన్ని తినే చేపా వచ్చేది. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, సహచరుడు కె. హెచ్. అలికున్హితో కలిసి చేసిన పని దీన్ని మార్చేసింది. ఒక చేప మెదడు కింది పీయూష గ్రంథిని తీసి, నూరి, ఆ సారాన్ని ఇంకో చేపకు ఇంజెక్షన్‌గా ఇచ్చారు. నది ఇవ్వాల్సిన సంకేతాన్ని సూది ఇచ్చింది, కొన్ని గంటల్లో చేప గుడ్లు పెట్టింది. కిలో బరువున్న రవ్వ రెండు లక్షల దాకా గుడ్లు పెట్టగలదు. ఈ రోజు కొల్లేరు చుట్టూ ఉన్న వేల ఎకరాల చేపల చెరువులు, అక్కడి నుంచి ఐసు పెట్టెల్లో బెంగాల్, అస్సాం వెళ్లే లారీలు, 2016 నుంచి తెలంగాణ చెరువుల్లో ప్రభుత్వం ఉచితంగా వదులుతున్న చేప పిల్లలు, అన్నీ ఆ సూది వెనక వచ్చినవే. జూలై 10ని ఇప్పుడు జాతీయ చేపల రైతుల దినోత్సవంగా జరుపుతున్నారు. గంగ చేపను ఆంధ్రలో పెంచి తిరిగి గంగ ఒడ్డుకే అమ్ముతున్నామని మా ఆర్టీసీ మిత్రుడు నవ్వాడు.

మాట్లాడితే చేపలు పారిపోతాయా?

గాలం వేసినచోట మాట్లాడొద్దని చిన్నప్పుడు మా నాన్న కసిరేవారు. దీంట్లో సగమే నిజం. గాల్లోని శబ్దశక్తి నీటి ఉపరితలాన్ని తాకినప్పుడు వెయ్యింట 999 వంతులు వెనక్కి తిరిగిపోతుంది. మన కబుర్లు చేపకు చేరేది అతి తక్కువ. కానీ కట్ట మీద దబదబ నడిస్తే, రాయి దొర్లిస్తే, తెప్పను గడతో కొడితే, ఆ అదురు మట్టి ద్వారా నేరుగా నీళ్లలోకి వెళుతుంది. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది, గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగం.

పైగా కార్పుల చెవి మామూలు చెవి కాదు. ఈత కోసం పొట్టలో ఉండే గాలి తిత్తి శబ్దానికి డోలు చర్మంలా కంపిస్తుంది. ఆ కంపనాన్ని వెన్నెముక మొదట్లో ఉండే చిన్న చిన్న ఎముకల గొలుసు లోపలి చెవికి చేరవేస్తుంది. 1820లో జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెబర్ వీటిని వర్ణించాడు కాబట్టి వెబర్ ఎముకలంటారు. చాలా చేపలు సెకనుకు వెయ్యి కంపనాలు దాటితే వినలేవు, కార్పులు మూడు వేల దాకా వినగలవు. కాబట్టి నాన్న మాటను కొంచెం సవరించాలి: మాట్లాడుకోవచ్చు, గంతులు వేయకూడదు. నిలబడటం కన్నా కూర్చోవడమూ మేలే. నీటి కింద నుంచి చూసే చేపకు బయటి ప్రపంచమంతా తల మీద సుమారు 97 డిగ్రీల గుండ్రని కిటికీలో ఇరుక్కుని కనబడుతుంది. ఆ కిటికీ అంచున నేలబారుగా ఉన్న మనిషి నలిగిపోయి, సరిగా ఆనకుండా ఉంటాడు.

బంగారు తీగ

మొదటి చేప నాలుగున్నరకు పడింది. బెండు రెండుసార్లు వణికి, మునగకుండా పక్కకు జరిగింది. అడుగున మేసే చేప గుణం అది. ఎరను నోట్లోకి పీల్చి, రుచి చూసి, నచ్చకపోతే ఉమ్మేస్తుంది. లాగి చూస్తే రెండు జతల మీసాలతో బంగారు తీగ, రెండు కిలోలకు పైనే.

ఇది మన దేశపు చేప కాదు. 1939లో శ్రీలంక నుంచి నీలగిరులకు ఒక రకం, 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు ఇంకో రకం తెచ్చారు. గంగ చేపలకు లేని సదుపాయం దీనికుంది. నిలవ నీటిలోనే, నీటి మొక్కలకు అంటుకునేలా గుడ్లు పెడుతుంది. రైతుకు అది వరం, సరస్సుకు మాత్రం కాదు. మేత కోసం అడుగు బురదను తవ్వి నీటిని మురికి చేస్తుంది, మొక్కల వేళ్లు లేపుతుంది, బురదలో దాగిన భాస్వరాన్ని మళ్లీ నీళ్లలో కలిపి నాచుకు అందిస్తుంది. ఆస్ట్రేలియాలోని ముర్రే-డార్లింగ్ నదుల్లో కొన్నిచోట్ల మొత్తం చేపల బరువులో అధిక భాగం ఇదే అయిపోయి అక్కడి ప్రభుత్వాలకు తలనొప్పిగా మారింది. మన కశ్మీరు సరస్సుల్లోనూ స్థానిక చేపలకు ఇది గట్టి పోటీ. మా చెరువు ఉదయపు కష్టంలో దీని వాటా ఎంతో కొంత ఉండే ఉంటుందని నా అంచనా. తాత ఒప్పుకోలేదు. "అదే అందరికన్నా తొందరగ పెరిగి డబ్బులిస్తది" అన్నారు. ఇద్దరం చెప్పిందీ నిజమే కావచ్చు.

తర్వాత జానెడున్నర రవ్వ పడింది. దాన్ని వదిలేశాం. వదిలేటప్పుడు చేతులు తడుపుకోవాలి. చేప ఒంటి మీది జిగురు దానికి చర్మం మీద ఇంకో చర్మం, పొడి చేతికి అంటుకుని ఊడివస్తే బూజు, బాక్టీరియా పట్టుకుంటాయి. గాలం మీద ఎక్కువసేపు ఆడించకూడదు కూడా. పోరాటంలో దాని కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, దాన్ని తీర్చుకోవడానికి మళ్లీ ఆక్సిజనే కావాలి. ఆ ఉదయమే గాలం వేసి, ఒకటి రెండు ఉంచుకుని మిగతావి వదిలేద్దామని మేం అనుకున్నాం. అలా వదిలినవి కొద్ది దూరం ఈది అడుగున చచ్చి ఉండేవి.

చేపను తాత కోడలు కత్తిపీట మీద కోసి ఇచ్చింది. తల భాగంలో గొంతు దగ్గర వేలు పెట్టి తడిమితే దవడ పళ్ల జాడే లేని ఆ చేపకు లోపల గట్టి నమిలే పళ్లు తగిలాయి. కార్పులన్నింటికీ పళ్లు గొంతులోనే ఉంటాయి. వాటికి మనలాంటి జీర్ణాశయమూ లేదు, గొంతు పళ్లు నలిపిన తిండి నేరుగా పొడవాటి పేగులోకి పోతుంది. అందుకే ఒకేసారి కడుపునిండా తిని పడుకోవడం వాటికి కుదరదు, పగలంతా కొంచెం కొంచెంగా మేస్తూనే ఉంటాయి. సాఫ్ట్‌వేర్ మిత్రుడు ఆ పళ్లను కడిగి తన కొడుక్కి చూపించాలని జేబులో వేసుకున్నాడు.

చింతపండు పులుసు తయారయ్యేసరికి చీకటి పడింది. పడమట మళ్లీ మబ్బు లేస్తోంది. ఇంజినును తిరిగి పొలానికి చేర్చడానికి వచ్చిన కుర్రాడిని తాత ఆపేశారు. "ఈ రాత్రి ఇక్కడనే ఉండనియ్" అన్నారు. తర్వాత ఫోను నా చేతికిచ్చి, తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టమన్నారు. మా ఎర సంచి ఇంకా మూతి కట్టే ఉంది, దాన్ని ఎవరింటి బర్రెకో పెట్టమని అక్కడే వదిలి వచ్చాం.